రద్దుగారి విచారణ

“ఇంత అన్యాయమా!” అన్నాడు లైసెన్సింగ్ అధికారి, అప్పటికింకా సగం ఫిర్యాదే విని.

ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చేదీ, తప్పు చేస్తే ఊడబెరికేదీ ఆయనే. ఇచ్చినవాటికంటే ఊడబెరికినవాటి గురించే ఎక్కువ చెప్పుకుంటాడు. అందుకే కాంట్రాక్టర్లు ఆయన్ని చాటుగా రద్దుగారు అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంటాడు కూడా.

బల్లకి అవతల రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఫిర్యాదు చేసిన గృహిణి, హ్యాండుబ్యాగు ఒళ్లో పెట్టుకుని, అమీతుమీ తేల్చుకునే ధోరణిలో కూర్చుంది. రెండోదాంట్లో కాంట్రాక్టరు. పనిమంతుడని పేరున్నవాడే. ఇవాళ మాత్రం తలవంచుకుని, బూట్లకంటిన సిమెంటు వైపు చూస్తున్నాడు.

“మళ్లీ చెప్పండమ్మా. బాత్రూముకి తలుపు లేదా?”

“లేదండీ. పరదా కట్టాం. లోపల ఎవరున్నా పాట పాడుతూ ఉండాలి.”

“పాట రానివాళ్లో?”

“దగ్గాలండీ.”

రద్దుగారి గుండె కలుక్కుమంది. “వంటిల్లయినా సరిగ్గా ఉందా?”

“అలమరలున్నాయి, తలుపుల్లేవు. మేడ మీదికి మెట్లున్నాయి, మేడ లేదు. ఇక నేల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎవరింట్లో ఏ టైల్సు మిగిలితే అవి తెచ్చి అతికించారు. హాల్లో చేపల బొమ్మలు, పడగ్గదిలో ఎవరిదో ఆసుపత్రి టైల్సు!”

“మంచి క్వాలిటీ సార్ అవి,” అని గొణిగాడు కాంట్రాక్టరు.

రద్దుగారు కళ్లెర్రజేసేసరికి మళ్లీ బూట్లలోకి చూసుకున్నాడు.

“పని మొదలెట్టరని కాదండీ,” ఆవిడ అందుకుంది. “మొదలెడతారు. గోడ సగం లేస్తుంది. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తారు, మా ఇంటి కప్పు కారుతోందీ అని. అంతే! మనుషుల్నీ తాపీల్నీ బండెక్కించుకుని అటు వెళ్లిపోతారు. వచ్చే వారం చేసేద్దాం అంటారు. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు.”

“మీరు గట్టిగా అడగలేదా?”

“అడక్కపోవడమేంటండీ! పొద్దున అడుగుతా, రాత్రి అడుగుతా.”

“ఫోనెత్తుతాడా మరి?”

“ఫోనెందుకండీ? మొహం మీదే అడుగుతా. గోడకి చెప్పుకున్నట్టే.”

పాపం, రెండు పూటలా కాళ్లరిగేలా తిరుగుతోందన్నమాట. రద్దుగారికి జాలి పొంగుకొచ్చింది. ఆయన సొంతింటి బాల్కనీకి ఓ కాంట్రాక్టరు ఇప్పటికీ రెయిలింగు పెట్టలేదు. ఆ కసి ఈ జాలికి తోడైంది.

“ఒప్పందం రాసుకున్నారా?”

“లేదండీ, నోటిమాటే. రెండేళ్లలో లక్షణమైన ఇల్లు కట్టేస్తానని మా నాన్నకి మాటిచ్చారు. ఆయన పొంగిపోయి సరేనన్నారు.”

“ఇంతమంది కాంట్రాక్టర్లుండగా ఈయన్నే ఎందుకు పట్టుకున్నారమ్మా? విచారించుకోవద్దూ?”

“విచారించారండీ మా పెద్దవాళ్లు. పనిమంతుడు, చెడలవాట్లు లేవు, వదులుకోవద్దన్నారు.”

“పెద్దవాళ్ల మాట వింటే ఇంతే,” అన్నాడు రద్దుగారు.

“అంతేనండీ,” అంది ఆవిడ మనస్ఫూర్తిగా. ఆ ఊపులో పొలమారి దగ్గింది. కాంట్రాక్టరు గబుక్కున మంచినీళ్ల సీసా మూత తీసి అందించాడు. ఆవిడ మూతి తిప్పుకునే తాగింది. కాకా పడుతున్నాడు వెధవ, అనుకున్నాడు రద్దుగారు.

“ఏమయ్యా, నువ్వేమంటావు?”

“ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు సార్. తప్పు నాదే.”

వాన మీదో, ఇసుక మీదో, పనివాళ్ల మీదో నెడతాడని రద్దుగారు చెడామడా జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అవన్నీ వృథా అయినందుకు కాస్త నొచ్చుకున్నాడు.

“ఊరందరి ఇళ్లూ పూర్తి చేసి, ఈవిడ ఇల్లొక్కటే ఎందుకు వదిలేశావు?”

కాంట్రాక్టరు బుర్ర గోక్కున్నాడు. “బయటివాళ్లకి తొందర సార్. ఇదెక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా చేసుకోవచ్చు కదా అనీ...”

“ఎప్పుడైనానా!”

రద్దుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒంటరి ఆడమనిషి నోరు లేనిదనే కదా ఇంత అలుసు! ఆ ఆడమనిషికి నోరు లేకపోవడమేమిటని ఆయనకు తట్టలేదు. కోపంలో అలాంటివి తట్టవు.

“చూడమ్మా, మీకు జరిగిన అన్యాయం ఇంకెవరికీ జరక్కూడదు. ఇక ఈ మనిషి ఈ జిల్లాలో ఇటుక మీద ఇటుక పెట్టడానికి వీల్లేదు. పనివాళ్లు వేరే దారి చూసుకుంటారు. బండి అమ్ముకుంటాడో, ఇంకేం చేసుకుంటాడో అతనిష్టం.”

ఎర్ర సిరా పెన్ను తీశాడు. అలాంటప్పుడు దాని మూత మెల్లగా తిప్పడం ఆయనకు సరదా. కాంట్రాక్టరు మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. పక్క కుర్చీ వైపు ఒక్కసారి చూశాడు.

రద్దుగారు లైసెన్సు కాగితం మీద ‘ర’ రాశాడు. రాసి, ఆవిడ మొహంలో కృతజ్ఞత చూద్దామని తలెత్తాడు.

ఆవిడ లేచి నిలబడి ఉంది. చేతిలోని హ్యాండుబ్యాగు ఆ కాగితం మీద ధబీమని పెట్టింది.

“బాత్రూముకి తలుపు పెట్టించండి మహాప్రభో అని మీ దగ్గరికొస్తే, మా ఆయన లైసెన్సే పీకేస్తారేంటండీ!”