గుడ్లగూబ చెట్టు

గుమ్మం ముందు పేరుకున్న మంచును కినుయో పారతో పక్కకు తోస్తోంది. మంచు ఇంకా కురుస్తూనే ఉంది. అడవి దారిలో భర్త ఇసాము వస్తూ కనిపించాడు.

"అప్పుడే వచ్చేశారేం?"

"గుడ్లగూబ లేదు. ఎగిరిపోయింది." కెమెరా సంచిని అతను గడప మీద దించాడు. "చెట్టు చుట్టూ జాతర! సప్పోరో నగరం నుంచి దిగారు కెమెరాలేసుకుని. అది కళ్ళు తెరవాలట, ఒకడు మానును కర్రతో బాదాడు!"

"అయ్యో! వాళ్ళకెలా తెలిసింది?"

"ఈ ఊరివాళ్ళే చెప్పారట."

ఏళ్ళ తరబడి ఆ తొర్రలోని గుడ్లగూబను ఫొటోలు తీస్తున్నాడు ఇసాము. తన అడుగుల జాడ పూడిపోవాలని మంచు పడుతున్నప్పుడే వెళ్ళేవాడు. పోయిన శీతాకాలం ఆ చెట్టు కిందే గుండె పట్టేసి పడిపోయాడు. వెతుక్కుంటూ వెళ్ళిన స్నేహితుడు టోకుజీ అతన్ని వీపున మోసుకొచ్చాడు.

"మన గడప బయట ఆ చెట్టు సంగతి తెలిసినవాడు టోకుజీ ఒక్కడే," అన్నాడు ఇసాము. "ప్రాణం నిలబెట్టినవాడని నమ్మాను."

"పోనివ్వండి. ఇకనైనా ఇంటిపట్టున ఉండండి. రండి, వేడిగా సూప్ పోస్తాను."

ఇద్దరూ లోపలికి వెళ్ళేసరికి వెనకాలే టోకుజీ వచ్చాడు, చేతిలో ముల్లంగి ఊరగాయ డబ్బాతో.

"ఉప్పు ఎక్కువైంది, తిట్టకండి కినుయో గారూ. ఏరా, మీ తొర్రలోని రాణిగారు ఇవాళైనా నీకేసి చూసిందా?"

"సిగ్గులేదురా నీకు? ఎవరికి చెప్పావు?"

"ఏం చెప్పాను?"

"చెట్టు సంగతి! తొర్ర ఖాళీ అయింది. ఊరివాళ్ళే దారి చెప్పారంటున్నారు. ఊళ్ళో నీకు తప్ప ఎవడికి తెలుసురా?"

టోకుజీ ఏదో అనబోయాడు. కినుయో వైపు చూశాడు. ఆమె సూప్ పోస్తోంది. అతను డబ్బాను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"నేనేరా. తాగి నోరు జారాను."

ఇసాము ముఖం పాలిపోయింది. కాదంటాడనే ఇంతసేపూ ఎదురుచూశాడు.

"నువ్వు మోసుకొచ్చావని ఊరంతా చెప్పుకున్నాను," అన్నాడు చివరికి. "అక్కడే వదిలేసినా బావుండేది. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు."

టోకుజీ తల వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు.

"చల్లారిపోతోంది, తాగండి," అంది కినుయో.

ఇసాము కిటికీలోంచి దూరంగా కొండకేసి చూస్తున్నాడు.

"బెదిరింది కదా, ఈ చుట్టుపక్కల ఉండదు. లోయ దాటి అవతలి అడవికే పోయుంటుంది."

"అంత దూరమా! మీ గుండె..."

అతను కెమెరా సంచి భుజాన వేసుకున్నాడు. మంచులో నడిచే జోళ్ళు కట్టుకున్నాడు. ఆమె పిలుస్తున్నా వెనక్కి తిరగకుండా బయటికి నడిచాడు.

ఆయన అడవికి పోవడం మానేస్తాడనే ఆ కెమెరాలవాళ్ళకు దారి చెప్పింది కినుయో.