జాజు గుర్తు

జీపు లేపిన దుమ్ము ఇంకా అణగనే లేదు, మేస్త్రి మొండయ్య వరండాలోకి పరుగెత్తాడు. తలుపులు చూశాడు, స్తంభాలు చూశాడు. కిటికీ దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

"ముత్యం! మల్ల పెట్టిండే!" అని కేక వేశాడు.

కొత్త సున్నం మీద అరచేయంత ఎర్రటి గుర్తు.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న రోజులవి. చొప్పదండిలో కాన్పుల దవాఖాన కడుతున్నారు. పనిలో తప్పు కనబడితే పాత ఇంజనీరు ఆ చోట ఎర్రమట్టి జాజు పూసి పోయేవాడు. మేస్త్రీ, తలుపులు చేసే వడ్లాయనా కూర్చుని తప్పేమిటో తేల్చుకుని, సరిచేసి, పైన సున్నం కొట్టాలి. ఎక్కడా ఎరుపు లేకుంటేనే బిల్డింగు పాసు. పాసైతేనే కరీంనగర్ నుంచి డాక్టరమ్మ వస్తుంది.

ఆ తొందర ఊరందరికంటే మొండయ్యకే ఎక్కువ. భార్య కిష్టవ్వకు నెలలు నిండాయి. తొలి కాన్పులో ఆమె చావు దాకా వెళ్లి వచ్చింది. ఈసారి డాక్టరమ్మ చేతిమీదే కావాలని అతని పంతం.

పాతాయన బదిలీ మీద పోయాడు. కొత్త ఇంజనీరు సాబు పట్నం మనిషి. ఏమడిగినా తల పైకెత్తి "ఊఁ" అంటాడు తప్ప నోరు విప్పడు. ఒక్కడే బిల్డింగంతా తిరిగి జీపెక్కుతాడు.

"గీ సాబు జాజుల నీళ్లు ఎక్కువ కలుపుతడు. చూడు, ఎట్ల కారిందో," అన్నాడు వడ్ల ముత్యం.

"నీళ్ల సంగతి ఇడిసిపెట్టు. తప్పేందో చెప్పు."

"గోడ నీది. నాకేమెరుక?"

"కిటికీ నీది గద!"

స్తంభం మీద గుర్తు పడ్డప్పుడు కూడా ఇలాగే కొట్లాడుకుని, చూరు నీళ్లు మెట్ల మీద పడుతున్నాయని కనిపెట్టి రేకు తూము పెట్టారు. మూలన పడితే, నీళ్ల వాలు లోపలికే ఉందని తేలింది. వరండా బండలన్నీ లేపి మళ్లీ పరిచారు. సాబుది డేగకన్నని ఇద్దరూ లెంపలు వేసుకున్నారు. కిటికీ తలుపు లోపలి మంచానికి తగులుతుందని రెక్కలు బయటికి తిప్పిందీ పోయినసారి ఇక్కడ పడ్డ గుర్తు చూసే. అయినా మళ్లీ అక్కడే!

సద్ది తెచ్చిన కిష్టవ్వ నడుముకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నది.

"నిలబడి చూస్తే ఏం కనబడుతది? కాన్పుకొచ్చినామె పండుకుంటది గద. పండుకోని చూడుండ్రి."

మొండయ్య గదిలోకి వెళ్లి వెల్లకిలా పడుకున్నాడు.

"గట్ల ఉత్తగ పంటే ఎట్ల? నొప్పులు తియ్యి," అన్నది కిష్టవ్వ.

"ఓ అవ్వో... ఓ బాపో..." అని మొండయ్య మూలిగాడు. ముత్యం రుమాలు కొంగులా కప్పుకుని మంత్రసాని అయిపోయాడు. "జర ఓర్సుకో బిడ్డా!" అన్నాడు గొంతు సన్నగా చేసి. కూలీలందరూ వరండాలో మూగి, కిటికీలోంచి చూసి పడి పడి నవ్వారు.

మొండయ్య నొప్పులు టక్కున ఆగిపోయాయి.

"అరే! బయట నిలబడ్డోళ్లందరికి నేను కనబడుతున్న!"

దొరికింది తప్పు. కిటికీ పీకి, బయటి చూపు పడనంత ఎత్తుకు లేపారు. ఒక కన్ను కిష్టవ్వ కడుపు మీద, ఒక కన్ను గోడ మీద పెట్టి మొండయ్య తాపీ ఆడించాడు.

తరువాతి సోమవారం సాబు వెంట డాక్టరమ్మ కూడా జీపు దిగింది. పాసైతే ఈ రోజే దవాఖాన తెరుస్తుంది. కాకపోతే అదే జీపులో వెనక్కి. కిష్టవ్వకు పొద్దున్నుంచే నొప్పులు, ఈసారి నిజం నొప్పులు.

సాబు మొహం ఎందుకో వాడిపోయి ఉంది. ఏదో ఇంట్లో మరిచి వచ్చినవాడిలా జేబులు తడుముకుంటూ తిరిగాడు. మొండయ్య వెనకాలే నడిచాడు. స్తంభం తెలుపు. మూల తెలుపు. కిటికీ పక్కన గోడ పాలమీగడ.

"బిల్డింగ్ పాస్," అన్నాడు సాబు చికాకుగా. ఆయన నోట మాట వినడం అందరికీ అదే మొదలు.

ముత్యం మొండయ్యను ఎత్తి గిరగిరా తిప్పాడు. కిష్టవ్వను లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి కేరుమని ఏడుపు. ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం.

మొండయ్య నవ్వాడు, ఏడ్చాడు, కనబడ్డ వాళ్లందరి నోట్లో బెల్లం కుక్కాడు. సాబుకు మాత్రం పళ్లెంలో ఆకూ వక్కా సున్నం పెట్టి వరండాలోనే కాళ్లు మొక్కాడు.

"మీ కన్ను సల్లగుండ సాబ్! మీరు గుర్తు పెట్టకపోతే మాకు తెలివే రాకపోతుండె."

సాబు మొహం విప్పారింది.

గబగబా రెండాకులు చుట్టి బుగ్గన పెట్టి, కళ్లు మూసుకుని నమిలి, తల పైకెత్తి "ఊఁ" అని, కిటికీ పక్కన తెల్లటి గోడ వైపు తిరిగి ఆయన తుపుక్కున ఉమ్మేశాడు.