బ్రిడ్జి మీద ఆగిన కారు

"అక్కా, మళ్ళీ బ్రిడ్జి మీద కారాపాడు!"

ప్రవీణ్ అరుపుకి షబీనా కౌంటర్ దగ్గర నుంచి లేచింది.

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఎనిమిది పాత కంప్యూటర్లున్న గేమ్ సెంటర్ ఆమెది. తమ్ముడు రియాజ్ పెట్టాడు. వాడు మెకానిక్ షెడ్డు చూసుకుంటానని వెళ్ళిపోయాక, ఆ ఎనిమిదింటి మీదే ఆమె బతుకు.

కాలేజీ కుర్రాళ్ళు అక్కడికి వచ్చేది ఒకే ఒక్క ఆట కోసం. దాని పేరు రెడ్ బైపాస్. పెద్ద నగరం. ఏ సందులోకైనా దూరిపోవచ్చు. రోడ్ల మీదే పందేలు, వెనక పోలీసులు. ఎనిమిది మందీ ఒకే నగరంలో కలిసి ఆడతారు.

మూడో నంబరు సీట్లో కూర్చున్నాయన పేరు ఇన్నయ్య. ఈపూరు నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు వస్తాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఉబ్బిన ముఖం. మోచేతి దగ్గర ఎప్పుడూ దూది, దాని మీద ప్లాస్టరు.

తెర మీద వాన కురుస్తోంది. బ్రిడ్జి నడిమధ్యన ఆయన కారు నిలబడి ఉంది. వెనక దూసుకొస్తున్న కుర్రాళ్ళ కార్లు ఒక్కొక్కటే వచ్చి దాన్ని గుద్దుకుంటున్నాయి.

"ఏందన్నా ఇది? మేం ఆడాలా వద్దా?"

"ఒక్క నిమిషం బాబూ. వాన పడేటప్పుడు ఇక్కడ ఎట్టుండిద్దో చూస్తన్నా."

"వాన చూడాలంటే వానాకాలం రా!" అన్నాడు జాన్.

అందరూ నవ్వారు. ఇన్నయ్య కూడా కాస్త నవ్వాడు.

ఆయనకి ఇంకో అలవాటుంది. ఆట అవగానే కుర్చీ కుర్చీ దగ్గరికీ వెళ్ళి అడుగుతాడు.

"ఎట్టుంది బాబూ ఆట?"

"చానా బాగుంది. ఇంత సిటీ ఏ గేములో ఉంది?" జాన్‌కి ఆ ఆటంటే ప్రాణం.

"కార్లకి బరువే లేదు. గుద్దితే అగ్గిపెట్టెల్లాగా ఎగురుతన్నయ్," అన్నాడు ప్రవీణ్.

"పోలీసోళ్ళు మరీ చేతగానోళ్ళు," అన్నారింకెవరో.

"అది సరే. మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతుందా?"

"ఆగేది నీ కారొక్కటే!"

ఆ రోజు ప్రవీణ్ కౌంటర్ దగ్గరికొచ్చి తేల్చి చెప్పాడు.

"ఆయనన్నా ఉండాలి, మేమన్నా ఉండాలక్కా. స్టేడియం దగ్గర కొత్త సెంటర్ పెట్టారు, తెలుసుగా?"

షబీనాకి తెలుసు. కుర్రాళ్ళు అటు మళ్ళితే తను తలుపులు వేసుకోవాల్సిందే.

మూడో నంబరు దగ్గరికి వెళ్ళింది.

"ఏమీ అనుకోవద్దన్నా. రేపట్నించి రావద్దు."

"ఇంకొంచెం పనుంది చెల్లెమ్మా. ఇంత పాత కంప్యూటర్లు ఇంకెక్కడా..."

"ఆటలో పనేందన్నా?"

పాత కంప్యూటర్లన్న మాట ఆమెకి ఎత్తిపొడుపులా తగిలింది.

ఇన్నయ్య ఏదో చెప్పబోయాడు. వెనక కుర్రాళ్ళ నవ్వులు వినబడి ఊరుకున్నాడు. కుర్చీ పట్టుకుని లేచాడు. ఆ నాలుగు మెట్లు దిగడానికి ఆయాసంతో రెండుసార్లు ఆగాడు.

ఎండలోకి నడిచి వెళ్ళిపోతుంటే చూసింది గానీ, ఆమె పిలవలేదు.

రెండు వారాల తర్వాత రెడ్ బైపాస్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. సెంటర్లో ఎనిమిది తెరలూ బిగుసుకుపోయాయి.

అసలు మొదట్లోనూ అంతే. పాత కంప్యూటర్ల మీద ఆ ఆట నడిచేది కాదు. తెలుగు ప్లేయర్ల గ్రూపులో 'నాగులేరు' అన్న పేరుతో ఎవరో ఒక చిన్న ఫైలు పెట్టారు. అది వేసుకుంటే ఎంత పాత కంప్యూటరైనా పరిగెత్తేది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మర్నాటికల్లా నాగులేరు కొత్త ఫైలు ఉచితంగా పెట్టేవాడు.

ఈసారి పెట్టలేదు.

"వేస్ట్ గేమ్," అని గ్రూపులో రాశారు కొందరు. "ఒక్క స్టార్ కూడా దండగ," అన్నారు మరికొందరు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, ఇలాంటి సెంటర్ల వాళ్ళే "నాగులేరన్నా, ఎక్కడున్నావ్?" అని రోజూ అడిగారు.

ముందు ప్రవీణ్ వెళ్ళిపోయాడు. వాడి వెనకే మిగిలినవాళ్ళు. చివరికి జాన్ ఒక్కడే మిగిలాడు.

"ఆయన హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరై ఉంటాడక్కా. మనం ఆయనకి గుర్తుంటామా?" అంటూ వాడూ బ్యాగు తగిలించుకున్నాడు.

ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని షబీనా గ్రూపు నడిపేవాళ్ళని బతిమాలింది. నాలుగు రోజులకి నాగులేరు ఫోన్ నంబరు దొరికింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నాగులేరు గారున్నారా అమ్మా? గేమ్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నా."

"మీరూ ఫైలు కోసమేనా?" ఆ గొంతులో విసుగు లేదు, ఓపికా లేదు. "ఆయన లేడమ్మా. పోయి పది రోజులయింది. నేను ఆయన భార్యని."



"ఆ కొత్త ఫైలు... ఏమన్నా చేసి పెట్టారా అమ్మా?"

"సగం చేశాడు. మిగతాది మా ఇంట్లో కంప్యూటర్ మీద తెలవదంట, బాగా పాతవాటి మీదే ఆడి చూడాలంట. ఇంకేం చెయ్యగలడు, మంచంలోనే పోయాడు."

ఇక సెంటర్ తెరిచేది లేదని షబీనాకి అర్థమైంది. అయినా ఫోన్ పెట్టేయాలనిపించలేదు. ఇన్నాళ్ళు తనకి అన్నం పెట్టిన మనిషి ఫొటోకైనా ఒకసారి దండం పెట్టుకోవాలనిపించింది.

"ఒక్కసారి వచ్చి మిమ్మల్ని చూసిపోతానమ్మా. మీదే ఊరు?"

"ఈపూరు. బస్సు దిగినాక నాగులేరంటే ఎవరికీ తెలవదు, అది ఫోన్లో పెట్టుకున్న పేరు. డయాలసిస్ ఇన్నయ్య ఇల్లెక్కడని అడగండి, చూపిస్తారు."