పొలిమేర దాటిన సీసా

"ఆ సంచి ముందుగాల కింద పెట్టు!"

లస్మవ్వ అరుపుకు వాడంతా బయటికి వచ్చింది.

కరీంనగర్ ల్యాబు నుంచి వచ్చిందట ఆ మనిషి. సంచి నిండా చిన్న చిన్న సీసాలు.

"అవ్వా, జర నా మాట ఇను. నీ మనవరాలు దొడ్డికి పోయినదాంట్ల ఇంత గీ సీసల పట్టియ్యి. ఏ పురుగో తెలిస్తెనే ఏ మందు పనిచేస్తదో తెలుస్తది."

"పట్టిస్తే?"

"ల్యాబుకు తీస్కపోత."

"ఎట్ల తీస్కపోతవే? నిన్ననే పోచమ్మకు మొక్కి ఊరు కట్టినం. రోగం పోయేదాక పొలిమేర దాటి పుల్ల గూడ పోవద్దు!"

ఊరంతా వాంతులు, నెత్తురు విరేచనాలు. ఇద్దరు అప్పటికే పోయారు. లస్మవ్వ మనవరాలు, నాలుగేళ్ల నవతకు కళ్లు గుంటలు పడ్డాయి, ఏడ్వడానికి కూడా ఓపిక లేదు. ఊరి డాక్టరు సూది మీద సూది వేస్తున్నాడు, ఒక్కటీ పట్టడం లేదు. అయినా కట్టు కట్టేనట! కోపం నెత్తికెక్కితే మనిషికి సొంత పిల్ల కూడా కనబడదు.

ఆ మనిషి పొద్దంతా ఇల్లిల్లూ తిరిగింది. గడప గడపకూ తిట్లే.

"సదువుకొని పియ్యి అడుక్కుంటున్నవా?" అని పళ్లికిలించాడు బుచ్చిరాములు.

చివరికి లస్మవ్వే సంచి గుంజుకుని సీసాలన్నీ మోరీలో పారబోసింది.

"మల్ల కనవడితె కాళ్లిరగ్గొడ్త!"

ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని కరీంనగర్ పోవడానికి మంథని బస్సుకు నడిచింది.

ఎనిమిదో రోజు జీపు వచ్చింది. కరీంనగర్ ఆస్పత్రి నుంచి వచ్చిన కరుణాకర్ కొత్త మందుబిళ్లలు పంచాడు, మంచినీళ్ల బావికి ముళ్లకంప కొట్టించాడు. రెండు రోజులకే నవత లేచి గంజి అడిగింది.

ఊరు సంబరపడాలి కదా? కొట్లాటకు దిగింది!

"రోగం దొరికిందంటె మనూరి సీస పోయినట్టే. కట్టు తెంపినోళ్లెవలు?"

"నీ కోడలే ఇచ్చి ఉంటది, రామవ్వా!"

"నా కోడలా? నీ నోట్లె మన్నువడ!"

లస్మవ్వ పోయి, రోగులను చూడ మళ్లీ వచ్చిన కరుణాకర్ అంగీ పట్టుకుంది.

"చెప్పు కొడుకా, ఎవతిచ్చింది? ఇయ్యాల దాని సంగతి సూస్త!"

కరుణాకర్ ఆ చేతిని విదిలించి కొట్టాడు.

"ఒక్కలన్న ఇచ్చిండ్రా? గా ల్యాబామె పొద్దంత మీ ఎండల తిరిగి, మీ బాయి నీళ్లే తాగింది. రెండో దినమే మంచం పట్టింది. మందు తర్వాత అని ముందుగాల తనదే సీస నింపిచ్చింది. మేం గిటు రాకముందే సమాధి చేసినం."



కరుణాకర్ జేబులోంచి ల్యాబు కాగితం తీసి అందరికీ వినబడేలా చదివాడు: రోగి పేరు ప్రిస్కిల్లా, ఊరు అన్నచోట మాత్రం ఆమె తన ఊరు కాక వీళ్ల ఊరి పేరే రాసుకుంది.