కాబోయే అల్లుడి వెనకాల

ఖుతుబుద్దీన్ ఇసుకలో చతికిలబడ్డాడు. బూటు విప్పి చూస్తే మడమ మీద బొబ్బ చితికిపోయి ఉంది. ఎదురుగా సముద్రం. అందరూ ఆహా అంటున్నారు. ఆయనకు మాత్రం ఇంటికెళ్లి వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని ఉంది.

సిద్దిపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఆయనది. కోమటిచెరువు కట్ట మీద కూడా ఏనాడూ ఆ చివరిదాకా నడిచిన మనిషి కాదు. అలాంటివాడు వీపున సంచి తగిలించుకుని కళింగపట్నం నుంచి బారువకు సముద్రం ఒడ్డునే నడుస్తున్నాడు. అంతా కూతురు సాయిమా కోసం.

సాయిమాకు సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు జుబేర్. ఊళ్లో బట్టల వ్యాపారం చేసే ఇజాజ్ కొడుకు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఖుతుబుద్దీన్ పద్ధతి ప్రకారం మసీదు దగ్గర, చాయ్ హోటల్లో, పాన్ డబ్బా దగ్గర ఆరా తీశాడు. అందరిదీ ఒకటే మాట.

"సెలవు దొరికితే సంచి ఏస్కొని పోతడు. పిలగాడు ఎసొంటోడో మాకేం ఎరుక?"

దేశదిమ్మరికి పిల్లనిచ్చేది లేదని ఖుతుబుద్దీన్ కేకలేశాడు. ఆయన కేకలు కొత్తేం కాదు. ఇదివరకు రెండు సంబంధాలు ఆ నోటి వల్లే తప్పిపోయాయని సిద్దిపేటలో సగం మందికి తెలుసు.

"గట్లనకు అబ్బా," అంది సాయిమా. "నాకైతే నచ్చిండు. ఈసారి సముద్రం ఒడ్డున నడుస్తరట, వాళ్ల గుంపుల ఎవరైనా నడవొచ్చట. నువ్వే పోయి కండ్లార చూసి రా. నీకు నచ్చకుంటే నేను మళ్ల అడుగను."

రైలు టికెట్టు కూడా తనే తీసిచ్చింది. మాటలింకా మధ్యవర్తి దగ్గరే ఉన్నాయి కాబట్టి జుబేర్ ఈయన ముఖం చూడలేదు. పేరు కరీం అనీ, ఊరు ప్రజ్ఞాపూర్ అనీ గుంపులో చెప్పుకున్నాడు.

అందరూ కుర్రకారే. ఒక్క బాలనర్సయ్య మాత్రం తన ఈడువాడు. ఊరు వర్గల్ అట. షుగరుందని డాక్టరు నడవమన్నాడట. నడక చూస్తే నత్త నయం. మొదటి పూటకే ఇద్దరూ దోస్తులైపోయారు. వెనకబడ్డవాళ్లకు వెనకబడ్డవాళ్లే దిక్కు కదా. జుబేర్‌ను కనిపెట్టడానికి వచ్చిన ఖుతుబుద్దీన్‌కు ఎంతసేపూ వాడి వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

బాలనర్సయ్యకు మాటలెక్కువ. మొగలిపొదల నీడలో ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతాడు.

"ఇంట్ల కోపమొస్తే ఏం జేస్తవ్ భాయ్?"

"అరుస్త."

"అరిసినంక?"

"ఇంకేమున్నది? నేనే చాయ్ పెట్టిచ్చి బతిలాడుత."

బాలనర్సయ్య పడీపడీ నవ్వాడు. ఖుతుబుద్దీన్‌కు నవ్వే ఓపిక కూడా లేదు. ఈ సాయంత్రంతో నడక అయిపోతుంది. మధ్యవర్తికి ఏదో ఒక మాట చెప్పాలి. ఏం చూశానని చెప్పాలి? కాళ్ల నొప్పుల కంటే ఈ దిగులే ఎక్కువగా ఉంది.

ఒక కాలువ సముద్రంలో కలిసేచోట బాలనర్సయ్య కూలబడ్డాడు.

"ఇగ నాతోని కాదు భాయ్."

నిన్న ఎడమకాలన్నాడు, ఇవాళ కుడికాలు పట్టుకున్నాడు. రెండూ పోయినట్టున్నాయి, పాపం. ఖుతుబుద్దీన్ అతని సంచి కూడా తీసి తన ఛాతీకి తగిలించుకున్నాడు. ముందొకటి, వెనకొకటి. అతని చేయి తన భుజం మీద వేసుకుని మోకాలిలోతు నీళ్లు దాటించాడు. నడుం విరిగినంత పనైంది.

అవతల జుబేర్ తీరిగ్గా ఫోటోలు తీసుకుంటున్నాడు. ఖుతుబుద్దీన్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఏయ్ జుబేర్! పెద్దమనిషి కాలీడ్చుకుంట వస్తుంటే నువ్వు ఫోటోలు తీస్తున్నవా? కండ్లు నెత్తికెక్కినయా?"

గుంపంతా బిత్తరపోయి చూసింది. జుబేర్ ముఖం మాడిపోయింది. ఖుతుబుద్దీన్ నాలుక కరుచుకున్నాడు. ఈ అరిచినవాడే సాయిమా తండ్రని రేపు తెలియదా? మూడోది కూడా తన నోటితోనే చెడగొట్టుకున్నాడు. బిడ్డకు ఏ ముఖం చూపించాలి?

జుబేర్ పరుగెత్తుకొచ్చాడు.

"మాఫ్ చెయ్యి చాచా, చూస్కోలే."

రెండు సంచులూ తీసి తన భుజాలకు వేసుకున్నాడు. బారువ దాకా ఆ ఇద్దరి పక్కనే వాళ్ల అడుగులో అడుగేస్తూ వచ్చాడు. బస దగ్గర ఖుతుబుద్దీన్ మడమ కడిగి తనే పట్టీ వేశాడు.

"జర ఎక్కువ అరిసిన బేటా," అన్నాడు ఖుతుబుద్దీన్. వాడు నవ్వుతూ బూట్లు తెచ్చి పక్కన పెట్టాడు.

పొద్దు గూకుతుండగా భార్యకు ఫోన్ చేశాడు.

"షహజాదీ, పిలగాడు బంగారం. నాకిష్టమే. గని నా నోరే..." నుదురు కొట్టుకున్నాడు. "వాళ్లు ఒప్పుకుంటరో లేదో. సాయిమాకు ఇయ్యి, నేనే చెప్త."

"అది లోపల ఎవరితోనో ఫోన్ల ఉంది, జరసేపు ఆగు," అంది షహజాదీ.

కొబ్బరితోపు అవతల బాలనర్సయ్య రెండు కాళ్ల మీదా చక్కగా పచార్లు చేస్తూ ఫోన్‌లో అంటున్నాడు: "నువ్వు చెప్పిందే నిజం సాయిమా బిడ్డా, మీ నాయినకు కోపం నోట్లనే ఉన్నది, కడుపుల లేదు, నిమ్మలంగ ఖాయం చేసుకొమ్మని నన్ను పంపిన మా ఇజాజ్ భాయ్‌కి ఇప్పుడే చెప్త."