తల్లెలో మిగిలిన ముక్క

"నా బియ్యం తల్లె ఏది?" అని కుబ్రా బీ మళ్లీ అడిగింది.

బాబామియా తల ఎత్తలేదు. బియ్యం ఏరే ఆ పళ్లెం అతని మోకాళ్ల ముందే ఉంది. అందులో బియ్యం లేవు. కిరోసిన్ ఉంది, కిరోసిన్‌లో గేరు చక్రాలు మునిగి ఉన్నాయి.

"షెడ్డుల డబ్బాలు లెవ్వా? గీ తల్లెనే దొరికిందా నీకు?"

"దీనికి అంచు ఎత్తుంటది. చిన్న సామాను జారిపోదు."

"నా బియ్యం గూడ గందుకే జారిపోవు."

కుబ్రా బీది దేవరుప్పుల. ఆమె అతని భార్యగా వచ్చినప్పటి నుంచి ఆ ఉర్దూ ఇంట్లో కొట్లాటలన్నీ తెలుగులోనే జరుగుతాయి. తల్లె సంగతి తేలేదాకా వంట మొదలుపెట్టనని చెప్పి ఆమె మెకానిక్ షెడ్డు గడప మీద కూర్చుంది.

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో జనగామ అంతా మూతపడి ఉంది. బడి లేదు, బస్సు లేదు, దుకాణం లేదు. ఊరు మొత్తంలో పానా చప్పుడు వినిపిస్తున్నది ఈ ఒక్క షెడ్డులోనే. అదీ సగం దించిన షట్టరు వెనక.

మరమ్మతు జరుగుతున్నది బాబామియా తండ్రి నడిపిన పాత అంబాసిడర్‌కి. ఇంట్లో పుట్టిన పిల్లలంతా దవాఖాన నుంచి అందులోనే ఇంటికి వచ్చారు. కొన్నేళ్లుగా దాని గేరుబాక్సు ముసలి ఎద్దులా మూలుగుతోంది. రెండో గేరు పడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. రేపు మాపు అంటూ వచ్చిన మనిషి, ఊరంతా పని ఆపిన వారంలోనే దాన్ని విప్పాడు.

మధ్యాహ్నం కొడుకు నవాజ్ వచ్చాడు. డిపోలో కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది, మోచేతికి గుడ్డ కట్టి ఉంది. తల్లి కంగారుగా లేస్తే ఏం కాలేదన్నాడు.

పొద్దున భూపాలపల్లి బొగ్గు లారీలు పోలీసు బందోబస్తుతో వచ్చాయి. వాటిని ఆపడానికి సమ్మెవాళ్లు చౌరస్తాలో ట్రాక్టర్లు, జీపులు అడ్డం పెట్టారు. పోలీసులు ఎక్కి, గేరు న్యూట్రల్ చేసి, ఒక్కొక్కటీ పక్కకు నెట్టేశారు. లారీలు వెళ్లిపోయాయి. రేపు పొద్దున ఇంకో వరస వస్తుందట.

"గది గూడ పోతె సమ్మె శిబిరం ఎత్తేసుడే," అన్నాడు నవాజ్. "అక్కడ బొగ్గు బాయిల పని ఇడిసిపెట్టి కూసున్నోళ్లకు ఏం ముఖం సూపెట్టాలె?"

"నూకెతందుకు క్రేన్ తెచ్చిన్రా?" అని బాబామియా గేరు తుడుస్తూ అడిగాడు.

"క్రేనోళ్లు గూడ సమ్మెలనే ఉన్నరు. అందరున్నరు, నువ్వు తప్ప."

బాబామియా ఇంకో గేరు తీసుకుని తుడిచాడు. నవాజ్ ఆగలేదు. బస్సులు లేకపోయేసరికి కార్లకు అడిగినంత కిరాయి వస్తోందని, ఇన్నేళ్లు గుర్తురాని గేరుబాక్సు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో చౌరస్తాలో అందరికీ తెలుసని అన్నాడు. తనను చూసి నవ్వుతున్నారన్నాడు.

"సప్పుడు పోవాలె గదరా," అన్నాడు బాబామియా చివరికి. "గా మూలుగుడుతోని పోతె చౌరస్త దాక గూడ పోనియ్యరు."

నవాజ్ తల్లి వైపు తిరిగాడు. "ఇన్నవా అమ్మీ?"

"ఇంటున్న. మీ అబ్బాకు ఆ కారు మీదున్న పాయిరం నా మీద యాడిది? నిఖా నాడే సూసిన."

ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. దేవరుప్పుల నుంచి పెళ్లికూతురిని తీసుకొస్తుంటే ఈ కారే రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగిపోయింది. రెండు గేర్లు ఒకేసారి పడి బిగుసుకున్నాయి. పెళ్లివాళ్లంతా కలిసి నెట్టినా జానెడు కదల్లేదు. రెండు వైపులా బండ్లు నిలిచిపోయాయి. ఆమె పెళ్లిబట్టలతో దిగి నడిచింది. లోపల రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపే చిన్న ముక్క అరిగిందని అతను ఎంత చెప్పినా, అది సాకేనని ఆమె ఇప్పటికీ అంటుంది. ఆ అవమానం తర్వాత అతని పని చూసి వంక పెట్టగలిగినవాళ్లు లేరు. బిగించాక ఒక్క నట్టు మిగలదు.

సాయంత్రానికి గేరుబాక్సు ఎక్కింది. బాబామియా కారును గల్లీలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. వాకిట్లో కూర్చున్న పక్కింటి గట్టమ్మ, కారు వెనక నుంచి వచ్చి ముందుకు దాటేదాకా గమనించలేదు.

కుబ్రా బీ తల్లెను బూడిదతో తోమడానికి తీసుకుంది. కిరోసిన్ వంచేస్తే అడుగున వేలి గోరంత ఇనుప ముక్క కనిపించింది.

"గిది మిగిలింది," అంది.

"ఉండనీ," అన్నాడు చేతులు కడుక్కుంటూ.

ఆమె అతని చేతుల వైపు చూసింది. వయసు మీద పడుతోందేమో అనుకుంది. ముక్కను కొంగుకు ముడేసుకుంది.

మగ్రిబ్ నమాజు అయ్యాక తినడానికి దస్తర్‌ఖాన్ పరిచారు. జొన్నరొట్టె, పప్పు. నవాజ్ తండ్రికి ఎదురుగా కూర్చోకుండా పక్కకు జరిగాడు.

"పొద్దుగాల కారు తీస్త," అన్నాడు బాబామియా రొట్టె తుంచుతూ.

నవాజ్ చేయి ఆగింది. "లారీలొచ్చే టైముకా?"

"జర ముందుగాల."

"చౌరస్తల మేం కూసుంటం, అబ్బా. మా మీదికెళ్లి తోలుకపోతవా?"

"దాటిపోను. ఆడిదాకనే పోత."

"అది ఆడిదాకన్న పోతదా?" అని కుబ్రా బీ కొంగు ముడి విప్పి ఇనుప ముక్కను అతని పళ్లెం పక్కన పెట్టింది. "ఇన్నేండ్లల్ల నీ చేతిల ఒక్క సామాను మిగలంగ సూడలె. గిదేందో చెప్పు."

బాబామియా దాన్ని తీసుకుని, తుడిచి, నవాజ్ అరచేతిలో పెట్టి, కుబ్రా బీ వైపు తిరిగాడు.

"మన నిఖా నాడు అరిగింది గీ ముక్కనే."