కయల్ భయం

"నేను రాను. హాస్టల్‌కి రానంటే రాను!" కయల్ వాకిట్లో గుంజను గట్టిగా వాటేసుకుంది.

సోమల ఊరి దగ్గర రైతు రెడ్డెప్ప టమోటా తోట. తోట పక్కన కూలీల రేకుల ఇల్లు. ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. తొమ్మిదేళ్ల కయల్ బట్టల సంచి అప్పుడే ఆటో ఎక్కేసింది. ఎక్కనిది కయలే.

తల్లి యోగేశ్వరి పిల్ల వేళ్లు గుంజ మీంచి విడదీయబోయింది. ఒకటి ఊడదీస్తే ఇంకోటి బిగుస్తోంది. "మదనపల్లెలో మంచి హాస్టలంట గదా బంగారూ. మేడం ఎంత తిరిగి సీటు తెచ్చిందో తెలుసునా?"

ఆ మేడం నీరజ. కుప్పంలో ఉంటూ శరణార్థి పిల్లల మనసుల మీద పరిశోధన చేస్తోంది. యోగేశ్వరి వాళ్లది శ్రీలంక. యుద్ధంలో ఊరొదిలి వచ్చి, తమిళనాడు క్యాంపులో ఏళ్లు గడిపి, కూలిపనికి ఇటు చేరారు. కయల్ ఆ క్యాంపులోనే పుట్టింది. నీరజ వచ్చినప్పుడల్లా పిల్లను కూర్చోబెట్టి అడిగేది. నిద్ర పడుతోందా? పడుతోంది. పీడకలలు వస్తాయా? రావు. దేనికైనా భయమా? తల అడ్డంగా ఊపేది. అంతలో తోటలో టపాకాయ పేలిందంటే చాలు, తింటున్న పళ్లెం వదిలేసి ఇంట్లోకి పరిగెత్తి మంచం కింద దూరేది.

యుద్ధం చూడని పిల్లకు కూడా ఇంట్లోవాళ్ల యుద్ధభయం అంటుకుంటుందని నీరజ చదివింది. ఇప్పుడు కళ్లారా చూసింది. పిల్లను కొన్నాళ్లు టపాకాయలు వినబడని చోట ఉంచడం మేలని తేల్చింది. ఏ పరిశోధకురాలైనా అంతే తేల్చేది, ఆమెను అనడానికి లేదు.

రెడ్డెప్పను ఏనుగుల్ని తరిమే టపాకాయలు మానమంటే కుదిరే పని కాదు. ఆటో పక్కన నిలబడి నీరజతో అదే అంటున్నాడు.

"మీరే సెప్పండి మేడం, ఏనుగులకు దండం పెడితే పోతాయా? మొన్న గోపాలస్వామి తోటలో దిగినాయి. టమోటా అంతా ఆడికాడే పచ్చడి సేసి పోయినాయి. ఈ పిల్లంటే నాకు మాత్రం పాపం ల్యాదా? యాల ఉండదు! పంట పోతే నేనేం తినాల, వీళ్లకేం పెట్టాల?"

గడపలో కాళ్లు చాపుకుని ఆకువక్క నములుతున్న అమ్మమ్మ పరమేశ్వరి అందుకుంది. ఇక్కడికొచ్చాక నేర్చిన తెలుగే అయినా, ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు.

"తీసకపోమ్మా, ముందు దీన్ని తీసకపో. వట్టి బెదురుగొడ్డు! నేను బాంబులే సూసినదాన్ని. నెత్తిమింద ఇమానం తిరగతా ఉంటే అన్నం వార్చినాను. ఇదేమో టపాకాయకు మంచం కింద దూరతాది. దీన్ని ఊరుకోబెట్టను ప్రతిసారీ దీనెనకాల నేనూ పాకాల. మోకాళ్లు రెండూ పోయినాయి."

రెడ్డెప్ప నవ్వాడు. "అవ్వకుండే గుండె మనవరాలికి రాలేదప్పా!"

అమ్మమ్మ మెడ నిక్కించి ఆకువక్క పక్కకు ఉమ్మింది. కయల్ గుంజను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నీరజ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "అక్కడ టపాకాయలు ఉండవు కయల్. హాయిగా నిద్రపోవచ్చు. ఎందుకొద్దంటావ్?"

"ఈడా నిద్ర పడతాండాది గదక్కా."

"మరి భయం?"

కయల్ అమ్మమ్మ వైపు చూసింది.

"పొద్దు గూకతాండాది, బిన్నా రాండమ్మా," ఆటో అతను కేకేశాడు.

యోగేశ్వరి ఇక బతిమాలలేదు. పిల్లను గుంజ నుంచి లాగి చంకనేసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆగలేదు. ఆటో దాకా వచ్చేసరికి కొండ వైపు తోటలో ఎవరికో ఏనుగులు కనబడినట్టున్నాయి. ఢామ్మని పేలింది.

కయల్ తల్లి చెయ్యి కొరికి, కిందికి జారి, ఒక్క పరుగున ఇంట్లో దూరింది.

"సూడండి, సూడండి! మళ్లా మొదలుపెట్టింది!" అమ్మమ్మ లేచింది. "ఉండవే, వస్తాండా," అని తిట్టుకుంటూ మనవరాలి వెనకాలే గబగబా లోపలికి వెళ్లింది. యోగేశ్వరి కొరికిన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బయట వరసగా పేలుతున్నాయి.

నీరజకు పిల్ల మీద జాలేసింది. హాస్టల్ మాట మీద నమ్మకమూ పెరిగింది. తనే నచ్చజెప్పి తీసుకొద్దామని లోపలికి వెళ్లి, మంచం పక్కన వంగి, ఫోన్ లైటు వేసింది.

గోడకు అతుక్కుపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అమ్మమ్మ వణికిపోతోంది. పక్కన కయల్. రెండు అరచేతులతో అమ్మమ్మ చెవులు మూసి, "అయిపాయ అమ్మమ్మా, అయిపాయ," అంటోంది. ఆ చేతుల్లో వణుకు లేదు.

బయట ఇంకోటి పేలింది. కయల్ రెప్ప కూడా వేయలేదు.

"లైటు తీసెయ్యక్కా," అంది గుసగుసగా. "అమ్మమ్మకు భయమని ఎవురికీ సెప్పొద్దు, సిగ్గుపడతాది. నాకే భయమని రాసుకో. హాస్టల్‌కి మాత్రం పంపొద్దక్కా. నేను ముందర పరిగెత్తకపోతే, అమ్మమ్మ ఎవురెనకాల పరిగెత్తాల?"